రాత్రి పదకొండింటికి పెట్టిన ఎర్ర టిక్కు

ప్రశ్న

ఈసారి ఉత్తరం ఒక రెండో తరగతి టీచరుగారిది. పేరు వేయొద్దన్నారు. ఆరేళ్లుగా చిన్న తరగతులకే చదవడం, రాయడం నేర్పుతున్నారు. ఇప్పుడు అయిదు నెలల పాపకు తల్లి, తొలి కాన్పు. ఎనిమిదో నెల నిండేదాకా క్లాసులో నిలబడే పాఠం చెప్పారు. సెలవు అయిపోయి మళ్లీ అదే క్లాసులో అడుగుపెట్టి ఆరు వారాలైంది. నాలుగు పేజీలు రాశారు. ముఖ్యమైన చోట్ల ఆవిడ మాటలే ఇస్తున్నాను.

"నేను లేనన్నాళ్లూ నా క్లాసు ముగ్గురి చేతులు మారింది. వచ్చి చూస్తే ముప్పై రెండు మందిలో సగం మంది సరళ పదాల దగ్గరే ఉన్నారు. బోర్డు మీద ఉన్నది చూసి ముత్యాల్లా రాస్తారు. రాసింది చదవమంటే నా మొహం చూస్తారు. సెలవులో ఉన్నది నేనే కదా అని ఆ బెంగ అంతా నెత్తిన వేసుకున్నాను. రోజూ కాపీ, డిక్టేషన్ పుస్తకాలు సంచిలో వేసుకుని ఇంటికి తెస్తున్నాను. పాప తొమ్మిదిన్నరకి పడుకుంటుంది. నేను పదకొండు దాకా దిద్దుతాను. ఒంటిగంటకి, నాలుగింటికి పాప మళ్లీ లేస్తుంది. మొన్న మూత పెట్టని ఎర్ర పెన్ను చేతిలో ఉండగానే నిద్రపోయాను. తెల్లారి చూస్తే పాప చొక్కా చేతి మీద ఇంత పొడుగు గీత."

ఇంకో రోజు క్లాసులో ఒక పిల్ల పడి ఏడ్చిందట. ఆ ఏడుపు వినగానే ఈవిడకు పాలు కారి జాకెట్టు తడిసింది. మిగతా పీరియడంతా పాఠ్యపుస్తకాన్ని గుండెలకు హత్తుకుని నిలబడే పాఠం చెప్పారు. స్టాఫ్ రూములో ఎవరో "పిల్లలు పుట్టాక ఏ టీచరైనా ఇంతే" అనడం చెవిన పడింది.

అన్నిటికంటే ఆవిడను కోస్తున్న సంగతి వేరే. "ఒక బాబు ఉన్నాడు. 'పడవ' టక్కున చదువుతాడు. 'పిడుగు' రాసి చూపించాను. 'పకు గుడిస్తే పి, డకు కొమ్మిస్తే డు, గకు కొమ్మిస్తే గు' అని రాగం తీశాడు. మరి మొత్తం ఏం మాటరా అంటే 'కొమ్ము' అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. నేను గట్టిగా అరిచాను. ఆరేళ్లలో ఏ పిల్లాడి మీదా అలా అరిచింది లేదు. ఇప్పుడు నేను పక్కకు వెళితే చాలు, అరచేత్తో పేజీ మూసేస్తున్నాడు."

ఇంట్లో పాపను చూసుకునేది అత్తగారు. ప్రేమగానే చూస్తారట. కానీ "అందరి పిల్లలకూ మాటలు నేర్పుతావు, నీ పిల్ల నీ గొంతు మర్చిపోతోంది" అన్నారు ఒకసారి. భర్త గురించి ఒక్క వాక్యమే: "మా ఆయన మంచివాడు, ఏదైనా చెబితే చేస్తాడు." హెడ్మిస్ట్రెస్ పిలిచి, వచ్చే నెల నుంచి అయిదో తరగతికి మారతావా, లేకపోతే ఏడాది చివరిదాకా జీతం లేని సెలవు పెట్టుకుంటావా అని అడిగారు. "రెండు పడవల మీద కాళ్లు పెట్టినట్టుంది. ఏ కాలు తీసేయాలో మీరు చెప్పండి" అని ముగించారు.

సమాధానం

అమ్మా, మీ ఉత్తరంలో ఆఖరి పేజీ అడుగున ఒక వాక్యం రాసి కొట్టేశారు. కొట్టివేత కింద అక్షరాలు కనిపిస్తూనే ఉన్నాయి: "ఒక్కోసారి సాయంత్రం బస్సు మా స్టాపులో ఆగినా దిగకుండా అలాగే పోతే బాగుండు." పిల్లలు చెరిపేసిన చోట ఏముందో వెలుగుకి ఎత్తి చూడటం టీచర్లకు అలవాటు. నేనూ కొన్నేళ్లు ఆ పని చేసినదాన్నే. అందుకని ముందు దాని గురించే మాట్లాడతాను.

అలా అనిపించడం మీరు చెడ్డ తల్లి అనడానికి గుర్తు కాదు. అలాగని అలసటే అని తోసేయడానికీ లేదు. కాన్పయిన మొదటి రెండు వారాల్లో కారణం లేకుండా కళ్లు తడవడం, చిరాకు పడటం చాలామందికి ఉంటుంది, దానంతటదే పోతుంది. మీకు అయిదు నెలలు. కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్ మొదటి ఏడాదిలో ఎప్పుడైనా మొదలవ్వచ్చు, తిరిగి ఉద్యోగంలో చేరాక కూడా. దాన్ని గుర్తుపట్టడానికి 1987లో తయారైన ఎడిన్‌బరో స్కేల్ అనే పది ప్రశ్నల పత్రం ఉంది. గడిచిన ఏడు రోజుల్లో ఎలా ఉన్నారో అడుగుతుంది, అయిదు నిమిషాల్లో అయిపోతుంది. అది జబ్బు తేల్చదు, డాక్టరుతో మాట మొదలుపెట్టడానికి ఒక దారి ఇస్తుంది. మీ డాక్టరును అడిగి అది నింపండి. రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలూ చేయించమనండి. కాన్పు తర్వాతి ఏడాదిలో థైరాయిడ్ గతి తప్పినా ఇలాగే ఒళ్లు ఈడ్చుకుపోతుంది, మనసు మసకబారుతుంది. "బస్సు దిగబుద్ధి కావట్లేదు" అన్న మాట కొట్టేయకుండా ఆ డాక్టరుకు చెప్పండి. ఎప్పుడైనా చచ్చిపోవాలనిపించినా, పాపను ఏమైనా చేసేస్తానేమోనని భయమేసినా అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. అదే రోజు, ఎవరినైనా వెంటబెట్టుకుని వెళ్లండి. ఇది నయమయ్యే జబ్బు. పాలిస్తూ వాడదగ్గ మందులు కూడా ఉన్నాయి.

ఇక పడవల సంగతి. మీరు రెండు లెక్కపెట్టారు. నాకు మూడు కనిపిస్తున్నాయి. క్లాసు ఒకటి, పాప ఒకటి. తొమ్మిదిన్నర నుంచి పదకొండు దాకా మీ ఒళ్లో ఉండే ఆ సంచి మూడోది. దాన్ని మీరు క్లాసు ఖాతాలో వేశారు. నాకైతే ఆ ఖాతాలోది కాదనిపిస్తోంది.

ఒకసారి లెక్క వేద్దాం. పుస్తకానికి మూడు నిమిషాలు అనుకుంటే ముప్పై రెండింటికి గంటన్నర దాటుతుంది, అదీ ఒక్క రకం పుస్తకాలకే. ఆ గంటన్నరలో మీరు ఏం రాస్తారు? టిక్కులు, సున్నాలు, "శ్రద్ధగా రాయి", "గుణింతం సరిచూసుకో". పొద్దున పుస్తకాలు పంచుతారు. వాటిని చదవాల్సింది ఎవరు? గుణింతం దగ్గర ఆగిపోయిన పిల్లలు. "శ్రద్ధగా" అన్న ఒక్క మాటలోనే రెండు సంయుక్తాక్షరాలున్నాయి. చదవడం రాని పిల్లలకు మనం రాతపూర్వకంగా సలహాలు ఇస్తున్నాం. నేనూ ఏళ్లతరబడి ఇచ్చాను. ఒకనాడు ఒక పాప ఆ ఎర్ర అక్షరాలు చూపించి "ఇక్కడ ఏం బొమ్మ వేశారు టీచర్?" అని అడిగింది. అప్పటిదాకా నాకు తట్టనే లేదు.

ఆ గీతల్ని చూసేది తల్లిదండ్రులు, హెడ్మిస్ట్రెస్, తనిఖీకి వచ్చేవాళ్లు. వాళ్లు చూడటం ముఖ్యం కాదనను, ఉద్యోగమన్నాక అదీ ఉంటుంది. కానీ అది పిల్లలకు చదువు చెప్పడం కాదు. పిల్లాడు పక్కన ఉన్నప్పుడు, రాస్తూ ఉన్నప్పుడు, "ఇదిగో ఇక్కడ కొమ్ము మర్చిపోయావు" అంటే అది చదువు. మర్నాడు తిరిగొచ్చిన దిద్దుబాటు వాడికి నిన్నటి వాన లాంటిది.

మరి దాని బదులు ఏం చేయవచ్చు? ఇక్కడ కాస్త వివరంగా చెబుతాను. మీ దిగులులో సగం ఈ క్లాసు వెనకబడిందన్నదే కదా.

మీ పిల్లలు బోర్డు చూసి ముత్యాల్లా రాస్తారన్నారు. అది రాయడం కాదు, బొమ్మ గీయడం. ముగ్గురు చేతులు మారిన క్లాసులో జరిగేది అదే. నిశ్శబ్దంగా ఉంచాలంటే చూసిరాతను మించిన సాధనం లేదు. 1986లో ఫిలిప్ గఫ్, విలియం టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు చదవడానికి ఒక చిన్న లెక్క చెప్పారు. అక్షరాలను శబ్దంగా మార్చగలగడం ఒకటి, విన్న భాష అర్థం కావడం ఒకటి, ఈ రెండింటి గుణకారం చదవడం. కూడిక కాదు, గుణకారం. ఒకటి సున్నా అయితే మొత్తం సున్నాయే. మీ పిల్లలు మీరు కథ చెబితే నోరు తెరుచుకుని వింటారు, మధ్యలో ప్రశ్నలు వేస్తారు. అంటే రెండోది నిక్షేపంగా ఉంది. మొదటిదాన్లో, అదీ గుణింతం దగ్గర, చిక్కు పడింది. క్లాసు మొత్తం కూలిపోలేదు. ఒక మెట్టు విరిగింది.

ఆ మెట్టు ఎలా విరిగిందో మీ బాబే మీకు చూపించాడు. "పకు గుడిస్తే పి, డకు కొమ్మిస్తే డు, గకు కొమ్మిస్తే గు." ఏడేళ్లవాడి బుర్రలో ఒకేసారి ఎన్ని మాటలు నిలుస్తాయి? మూడక్షరాల మాట కోసం వాడు తొమ్మిది మాటలు మోశాడు. గమ్యం చేరేసరికి "పి" ఎప్పుడో జారిపోయింది. చేతిలో మిగిలింది "కొమ్ము", అదే ఇచ్చాడు. అది తెలివితక్కువ జవాబు కాదు. మనం నేర్పిన దారిలో నడిస్తే ఎవరైనా చేరేది అక్కడికే. గుణింతం రాగం పాట లాగా బాగుంటుంది, గుర్తుల పేర్లు తెలియడానికి పనికొస్తుంది. చదివేటప్పుడు మాత్రం కాళ్లకు అడ్డం పడుతుంది.

కొన్ని రోజులు ఆ రాగం పక్కన పెట్టి చూడండి. ఒక వారం గుడి ఒక్కటే. గది, నది, బడి, తడి, పని, చలి. తలకట్టు వాళ్లకు వచ్చు కాబట్టి ప్రతి మాటలో కొత్తది ఒక్కటే ఉంటుంది. "నకు తలకట్టిస్తే" అననివ్వొద్దు. వేలు కింద పెట్టి "న", వేలు జరిపి "నది", అంతే. రెండో వారం కొమ్ము: తలుపు, బరువు, అడుగు, పరుగు. ఆ తర్వాతే రెండూ కలవాలి, ముందు గుడి, పులి లాంటి రెండక్షరాలతో, తర్వాత చిలుక, చివరకు పిడుగు. మూడక్షరాల మాటను కూడబెడుతూ చదివించండి: "పి", "పిడు", "పిడుగు". విడివిడిగా మూడు పలికించి ఆఖరున అతకమంటే మళ్లీ మొదటిది జారిపోతుంది.

పుస్తకాల బదులు పలకలు. అయిదు మాటలు చెప్పి, రాయించి, "పైకెత్తండి" అంటే ముప్పై రెండు పలకలు ఒక్క చూపులో కనిపిస్తాయి. ఎవరికి గుడి కొమ్మయిందో అక్కడే తెలుస్తుంది, అక్కడే చెరిపి మళ్లీ రాస్తారు. సంచిలో వేసుకుని తెచ్చేందుకు ఏమీ మిగలదు. రోజుకు ఆరుగురిని, మనిషికి రెండేసి నిమిషాలు, పక్కన కూచోబెట్టుకుని చదివించుకోండి. పన్నెండు నిమిషాల పని. ఆరు పనిదినాల్లో క్లాసంతా మీ చెవిన పడుతుంది. ఆ పన్నెండు నిమిషాలు మిగతావాళ్లు ఏం చేస్తారంటారా? ఇద్దరిద్దరు కలిసి చదువుతారు, వచ్చినవాడు రానివాడి పక్కన. గోల ఉంటుంది. ఉండనివ్వండి. పక్క క్లాసు టీచరుకు ముందే ఒక మాట చెప్పి ఉంచితే సరి.

రాత సంగతి ఒక్క ముక్కలో. రోజుకు ఒక సొంత వాక్యం రాయించండి, ఎంత తప్పులతడక అయినా సరే. గుడి వారంలో గుడి తప్పులే దిద్దండి, మిగతావి చూసీ చూడనట్టు వదిలేయండి. ఈ వదిలేయడమే మీలాంటివాళ్లకు కష్టం, నాకు తెలుసు.

పుస్తకాల కరెక్షన్ తగ్గించాలంటే హెడ్మిస్ట్రెస్ గారి ఒప్పుదల కావాలి కదా. "చేయలేకపోతున్నాను" అని వెళ్లకండి. "ఆరు వారాలు ఇలా చేస్తాను, ఇప్పుడు ఇంతమందికి గుణింత పదాలు వచ్చు, ఆరు వారాల తర్వాత మీరే వచ్చి చదివించి చూడండి" అని కాగితం మీద లెక్కతో వెళ్లండి. ఒప్పుకోవచ్చు. వారానికి ఒక్కసారైనా పుస్తకం దిద్దాలని పట్టుబట్టవచ్చు. అలా అయితే ఆ ఒక్కసారి, ఖాళీ పీరియడులో, బడిలోనే.

బాబు దగ్గరికి వద్దాం. వాడు పేజీ మూస్తున్నది మీకు భయపడి కాదనుకుంటాను, నవ్వుకు భయపడి. మీ అరుపు కంటే ఆ గొల్లుమనడం వాడికి ఎక్కువ తగిలి ఉంటుంది. మీరు చేయగలిగింది రెండు రకాలు. ఒకటి, ఏమీ జరగనట్టు ఉండి, వాడికి వచ్చిన మాటలే కొన్నాళ్లు ఇస్తూ మెల్లిగా మచ్చిక చేసుకోవడం. దీంతో ఇబ్బంది లేదు, కానీ ఆలస్యం. రెండోది, వాడిని పక్కకు పిలిచి "ఆ రోజు నేను అరిచాను. తప్పు నాది. నువ్వు చెప్పింది ఎందుకు చెప్పావో నాకు తర్వాత అర్థమైంది" అనడం. నాకు రెండోదే ఇష్టం. పెద్దవాళ్లు తప్పు ఒప్పుకోవడం చూసిన పిల్లలు తప్పుగా చదవడానికి కూడా ధైర్యం చేస్తారు. అయితే క్లాసు ముందు వద్దు, మళ్లీ అందరి కళ్లూ వాడి మీదే పడతాయి. చేయి తీసి పేజీ చూపించమని అడగకండి. మీ చేతిలో ఇంకో కాగితం మీద "నది" రాసి పక్కన పెట్టండి. వాడి పేజీ వాడు మూసుకునే ఉండనివ్వండి.

తడిసిన జాకెట్టు గురించి మీరు సిగ్గుతో రాశారు. అందులో మీ చేతిలో ఉన్నది ఏమీ లేదు. బిడ్డ ఏడుపు చెవిన పడితే ఒంట్లో ఆక్సిటోసిన్ అనే హార్మోను విడుదలై పాలు దిగుతాయి. అది మీ బిడ్డా కాదా అని ఒళ్లు ఆరా తీయదు. రెండో తరగతిలో ఏడుపులకు కొదవ ఉండదు కాబట్టి జాకెట్టు లోపల ప్యాడ్లు పెట్టుకోండి, బల్లలో ఇంకో జత ఉంచుకోండి. పాలు దిగుతున్నట్టు తెలియగానే రెండు చేతులూ గుండెల మీద కట్టుకుని కాసేపు గట్టిగా అదిమితే చాలావరకు ఆగుతుంది. పుస్తకం హత్తుకున్నారే, తెలియకుండానే సరైన పని చేశారు.

పాలు తగ్గుతున్నాయని కూడా ఒకచోట రాశారు. తీసే కొద్దీ ఊరేవి అవి, తీయకపోతే తగ్గుతాయి. బడి గంటల్లో ఒకసారి పంపు చేస్తున్నారన్నారు, వీలైతే రెండుసార్లు చేయండి. తీసిన పాలు 25 డిగ్రీలు మించని గదిలో నాలుగు గంటల దాకా, ఫ్రిజ్‌లో నాలుగు రోజుల దాకా ఉంటాయి. బయట ఎండగా ఉంటే ఐస్ ప్యాక్ పెట్టిన సంచి కావాలి. ఇంకో నెల గడిస్తే పాపకు ఆరు నెలలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తల్లిపాలు ఒక్కటే చాలనేది ఆరు నెలల దాకానే. ఆ తర్వాత పాలతో పాటు మెత్తని ఆహారం మొదలవుతుంది, మీ మీద ఒత్తిడి కాస్త సడలుతుంది. మధ్యలో డబ్బా పాలు కలపాల్సి వస్తే డాక్టరును అడిగి కలపండి, దానికి ఏడవాల్సిన పని లేదు.

పాలు తీయడానికి చోటు, సమయం అడగడం దయ కోరడం కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2000లో చేసిన 183వ ఒప్పందం కనీసం 14 వారాల కాన్పు సెలవు ఉండాలంటుంది. తిరిగొచ్చాక పాలివ్వడానికి రోజూ విరామమో, పని గంటల తగ్గింపో ఉండాలని, ఆ సమయాన్నీ పని గంటల్లోనే లెక్కించి జీతమివ్వాలని అంటుంది. దాన్ని ఆమోదించని దేశాలూ ఉన్నాయి. మీకు వర్తించే చట్టంలో, మీ నియామక పత్రంలో ఏముందో చూసుకునే హెడ్మిస్ట్రెస్ ముందు కూచోండి. తాళం వేసుకునే గది, కుర్చీ, ఇరవై నిమిషాలు. అడగాల్సింది ఇంతే.

అత్తగారి మాట. అది నిజం కాదు, పైగా నిజానికి తలకిందులు. 1980లో అమెరికాలో ఆంథొనీ డికాస్పర్, విలియం ఫైఫర్ చేసిన ప్రయోగంలో, పుట్టి మూడు రోజులైనా నిండని పిల్లలు వేరే ఆడవాళ్ల గొంతు కంటే తల్లి గొంతు వినడానికే మొగ్గారు. 1986లో డికాస్పరే మెలనీ స్పెన్స్‌తో కలిసి ఇంకో అడుగు వేశారు. కాన్పుకు ముందు చివరి ఆరు వారాలు తల్లులు ఒక కథను రోజుకు రెండుసార్లు పైకి చదివారు. పుట్టాక ఆ పసివాళ్లు కొత్త కథ కంటే ఆ కథనే కోరుకున్నారు, వేరే ఆవిడ చదివినా సరే. మీరు ఎనిమిదో నెల దాకా రోజంతా క్లాసులో గొంతెత్తి చదివారు. ముప్పై మంది కంటే ముందు వరసలో కూచుని విన్నది మీ పాపే. దానివల్ల పాపకు పుట్టుకతోనే గుణింతం వచ్చేస్తుందని నేను చెప్పడం లేదు. మీ గొంతు మర్చిపోవడం మాత్రం అంత తేలిక కాదు.

అయితే అత్తగారి మాటలో ఒక గింజ ఉంది. సాయంత్రానికి గొంతు బొంగురుపోయి, ఇంట్లో నోరు మెదపలేకపోతున్నానని మీరే రాశారు. పాపకు వేరే మాటలు వెతుక్కోనక్కర్లేదు. రేపు క్లాసులో చదవబోయే కథను ఈ సాయంత్రం పాపను ఒళ్లో పెట్టుకుని నెమ్మదిగా చదవండి. మీకు రేపటి తయారీ, పాపకు మీ గొంతు. అయిదు నెలల పిల్ల పుస్తకం మూల నోట్లో పెట్టుకుంటుంది, అదే తన చదువు. గొంతు మరీ పోయిన రోజు గుసగుసగా కాదు, మామూలు చిన్న స్వరంతో చదవండి. గుసగుసలు గొంతును ఇంకా అలసిపోయేలా చేయగలవు.

మీవారు "చెబితే చేస్తారు" అన్నారు. ఏం చేయాలో, ఎప్పుడు చేయాలో గుర్తుపెట్టుకుని చెప్పడం కూడా ఒక పనే, అది మీ ఖాతాలోనే ఉండిపోయింది. రాత్రి ఒంటిగంట మేలుకోవడం పూర్తిగా ఆయనది చేయండి, తీసి ఉంచిన పాలతో. పూర్తిగా అంటే సీసా ఎక్కడుందని మిమ్మల్ని లేపకుండా. ఆ ఒక్క పూట పాలివ్వకపోతే మీకు పాలు తగ్గే అవకాశం కొంత ఉంది, ఛాతీ బరువెక్కి మెలకువ రావచ్చు కూడా. అందుకని తొమ్మిదిన్నరకి పాపతో పాటే పడుకునే ముందు ఒకసారి ఇచ్చి, నాలుగింటికి మీరు లేవండి. మధ్యలో ఒక్క తెంపూ లేని ఆరు గంటలు దొరికితే మీ బుర్ర ఎలా ఉంటుందో మీకే గుర్తు లేదేమో.

ఇక హెడ్మిస్ట్రెస్ గారు మీ ముందుంచిన రెండు దారులు. అయిదో తరగతి తేలికగా కనిపిస్తుంది, కాళ్ల మీద పడి ఏడ్చేవాళ్లు తక్కువ, గొంతు తక్కువ వాడాలి. కానీ అక్కడ సబ్జెక్టులు ఎక్కువ, పరీక్ష పేపర్లు ఎక్కువ, మీకు కొత్త సిలబసు. సంచి తేలికవదు, ఇంకా బరువెక్కుతుంది. పైగా మీ ముప్పై రెండు మందికి ఇది ఈ ఏడాది ఇంకో చేతి మార్పు. దాన్ని మీ తప్పుగా మోయమనడం లేదు, లెక్కలోకి తీసుకోమంటున్నాను. జీతం లేని సెలవు పెడితే నిద్ర, పాప, ఆరోగ్యం అన్నీ కాస్త కుదురుకుంటాయి. డబ్బు ఎన్ని నెలలు సర్దుకోగలరో, సర్వీసుకు గండి పడుతుందా, తిరిగి వస్తే ఇదే చోటు ఉంటుందా అన్నవి రాతపూర్వకంగా తెలుసుకోవాలి. ఇంకో సంగతి. మనసు బాగాలేనప్పుడు రోజంతా పసిబిడ్డతో ఇంట్లో ఉండటం కొందరికి ఊరట, కొందరికి ఇంకా ఊపిరాడనిది. మీరు ఏ రకమో సెలవు రోజుల్ని గుర్తు చేసుకుంటే మీకే తెలుస్తుంది. డాక్టరు విశ్రాంతి కావాలంటే మాత్రం మిగతా లెక్కలన్నీ పక్కకు పోతాయి. అప్పుడు జీతం లేనిదే కాక వైద్య సెలవు కూడా అడగవచ్చు.

ఆవిడ చెప్పని మూడో దారి ఒకటుంది. ఇదే క్లాసు, సంచి లేకుండా, పాలు తీసుకునే విరామంతో, ఆరు వారాలు. ఇందులోనూ మెలిక ఉంది. ఆరు వారాల తర్వాత పిల్లలు కదలకపోతే మిమ్మల్ని వేలెత్తి చూపడం తేలిక, అప్పటికి అయిదో తరగతి చోటు వేరేవాళ్లకు పోయి ఉండవచ్చు. నా మొగ్గు ఇటే, దాచుకోను. కానీ ఒంట్లో సత్తువ ఎంతుందో తెలిసింది మీకే, నాకు కాదు.

ఏది ఎంచుకున్నా డాక్టరును చూసే దాకా సంతకం పెట్టకండి. ఆలోచించుకోవడానికి రెండు వారాలు గడువు అడగండి, అంత మాత్రం ఇస్తారు. ఆ రెండు వారాలూ సంచిని బడిలోనే, అల్మరాలో పెట్టి తాళం వేసి రండి. ఎర్ర పెన్ను కూడా. మరి రాత్రి తొమ్మిదిన్నర నుంచి పదకొండు దాకా ఏం చేయమంటారు అని అడుగుతారేమో.

పడుకోండి.